పిల్లల్లో టీబీ మెనింజైటిస్: చెన్నైలో ఎక్కడ చేర్చాలి, ఏ పరీక్షను నమ్మాలి, ఏ చికిత్సను ఎంచుకోవాలి

పిల్లల మెనింజైటిస్ అనగానే చాలామందికి గుర్తుకొచ్చేది ఒకటి రెండు రోజుల్లో ముంచుకొచ్చే జబ్బు. పొద్దున జ్వరం మొదలై, సాయంత్రానికి మెడ బిగుసుకుపోయి, రాత్రికి ఫిట్స్ వచ్చే ఆ రూపాన్ని చూసి భయపడని వారుండరు, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తని వారూ ఉండరు. క్షయ క్రిమి వల్ల మెదడు పొరలకు వచ్చే వాపు ఇలా రాదు. అది రెండు మూడు వారాల పాటు మామూలు జ్వరంలాగే కనిపిస్తుంది, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది, అసలు సంగతి తెలిసేసరికి పిల్లవాడు మత్తులోకి జారిపోయి ఉంటాడు. క్షయ సోకినవారిలో చాలా తక్కువమందికి వచ్చే ఈ రూపం అయిదేళ్లలోపు పిల్లల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది, క్షయ రూపాలన్నిటిలోకీ ఇదే ప్రమాదకరమైనది.

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ, నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు నుంచి బిడ్డను ఎత్తుకుని చెన్నై వచ్చే తల్లిదండ్రులకూ ఈ జబ్బులో అడుగడుగునా ఏదో ఒకటి తేల్చుకోవలసిన అవసరం వస్తుంది. ఏ ఆసుపత్రి, ఏ స్కాన్, వెన్నులోంచి నీరు తీయడానికి ఒప్పుకోవాలా వద్దా, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగాలా, ఆరు నెలల మందులా పన్నెండు నెలల మందులా, తలలో నీరు చేరితే ఆపరేషన్ చేయించాలా అన్న ప్రశ్నలు వరసగా ఎదురవుతాయి. వీటిలో తుది నిర్ణయం వైద్యుడిదే అయినా, సంతకం పెట్టేది తల్లిదండ్రులు. ఏది ఎందుకు మేలో తెలిసి పెట్టే సంతకం ఆలస్యం కాదు. ఈ జబ్బులో పిల్లవాడి భవిష్యత్తును అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది, మందు మొదలుపెట్టిన రోజున వాడు ఏ స్థితిలో ఉన్నాడన్న విషయమే. కాబట్టి రెండు దారుల్లో ఏది మంచిదో తేలనప్పుడు, ఏది తొందరగా మందు దాకా తీసుకెళ్తుందో దానివైపు మొగ్గడం ఈ వ్యాసమంతటా నేను పాటించిన కొలమానం.

ఏ మెనింజైటిస్ అన్నది ఎలా పసిగట్టాలి

మూడు రకాలను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మామూలు బాక్టీరియా వల్ల వచ్చేది గంటల్లో, రోజుల్లో ముదురుతుంది, బిడ్డ చూడగానే తీవ్రంగా జబ్బుపడినట్టు కనిపిస్తుంది. వైరస్ వల్ల వచ్చేదానిలో తలనొప్పి, వాంతులు, జ్వరం ఉన్నా చాలావరకు వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుముఖం పడుతుంది. క్షయ వల్ల వచ్చేది మాత్రం నెమ్మదిగా, కానీ వెనక్కి తగ్గకుండా ముదురుతుంది. లక్షణాలు అయిదు రోజులకు మించి సాగడాన్ని, వైద్య నిపుణులు 2010లో ప్రకటించిన ఉమ్మడి నిర్ధారణ ప్రమాణాల్లో ఒక ముఖ్యమైన గుర్తుగా లెక్కలోకి తీసుకున్నారు.

ఈ రోజుల లెక్క కంటే ముందే తల్లి చెప్పే మాట ఒకటుంది. "జ్వరం పెద్దగా లేదు సార్, కానీ ఆడుకోవడం మానేసినాడు, ఎప్పుడూ ఒళ్లోనే పడుకోనుండాడు" అని నెల్లూరు వైపు తల్లులు చెబుతారు. తిండి తగ్గడం, బరువు పెరగకపోవడం లేదా తగ్గడం, చిరాకు, కారణం లేకుండా పొద్దున్నే వాంతులు, ఇవన్నీ ఆ మాటతో కలిస్తే అనుమానించి తీరాలి. పొద్దున్నే వాంతులు అయినప్పుడు అజీర్తి అనీ, పళ్లు వస్తున్నాయనీ, దిష్టి తగిలిందనీ వారాలు గడిచిపోతుంటాయి. ఆ తరువాత మెల్లకన్ను రావడం, ఒక పక్క చెయ్యో కాలో బలహీనపడటం, ఫిట్స్, మత్తు వస్తే జబ్బు రెండో దశకు చేరినట్టు. ఇంట్లోగానీ, బిడ్డను చూసుకునే వారిలోగానీ ఎవరికైనా ఏడాది రెండేళ్లలోపు టీబీ వచ్చి ఉంటే, ఎక్కువ కాలంగా దగ్గు ఉంటే, వైద్యుడు అడగకపోయినా చెప్పాలి. ఆ బంధువుకు మందులకు లొంగని టీబీ అయితే ఆ సంగతి మరీ ముఖ్యం, ఎందుకంటే బిడ్డకు ఇచ్చే మందులే మారిపోతాయి. ఇలాంటి విషయాన్ని పరువు కోసం దాచిపెట్టడం వల్ల బిడ్డకు జరిగే నష్టం చాలా పెద్దది.

పుట్టినప్పుడు బీసీజీ టీకా వేయించాం కదా అన్న ధీమాతో ఈ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు. ఆ టీకా పిల్లల్లో క్షయ తీవ్ర రూపాలను బాగా తగ్గిస్తుంది, కానీ పూర్తిగా ఆపలేదు.

ఎక్కడ చేర్చాలి

ఎగ్మోరులోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రికీ, నగరంలోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రులకూ మధ్య ఎంచుకోవడం డబ్బుకు సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు. డబ్బు నిజంగానే పెద్ద తేడా. అయినా ఈ జబ్బుకు ముందు చూడవలసింది మూడు సదుపాయాలు ఒకే చోట ఉన్నాయా అన్నది: చేరిన రోజే వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపే ఏర్పాటు, పిల్లల ఐసీయూ, అవసరమైతే అర్ధరాత్రి అయినా పిల్లల మెదడుకు ఆపరేషన్ చేయగల న్యూరోసర్జన్. ఈ మూడింటిలో ఒకటి లేని ఆసుపత్రి ఎంత శుభ్రంగా ఉన్నా, ఎంత మర్యాదగా మాట్లాడినా, మధ్యలో బిడ్డను మరో చోటికి మార్చవలసి వస్తుంది. ఆ మార్పులో ఒకటి రెండు రోజులు పోతాయి.

ఎగ్మోరులో మద్రాసు మెడికల్ కాలేజీకి అనుబంధంగా నడిచే ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చైల్డ్ హెల్త్‌లో రద్దీ ఎక్కువ, ఒక మంచం పక్కన నిలబడటానికే చోటు వెతుక్కోవలసి రావచ్చు. కానీ ఈ జబ్బును తరచుగా చూసే కళ్లు అక్కడ ఉన్నాయి. పిల్లల టీబీ మెనింజైటిస్‌కు చికిత్స మీద మన దేశంలో జరిగిన ముఖ్యమైన పరిశోధనల్లో ఒకటి మద్రాసులోనే జరిగింది. చెట్‌పెట్‌లోని క్షయ పరిశోధన కేంద్రం, ఇప్పటి పేరుతో జాతీయ క్షయ పరిశోధన సంస్థ, 180 మంది రోగుల మీద మూడు రకాల పన్నెండు నెలల చికిత్సలను పరీక్షించి 1986లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 27 శాతం మంది చనిపోయారు, 39 శాతం మంది ఏదో ఒక నరాల లోపంతో బయటపడ్డారు, 34 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు. మూడు చికిత్సల ఫలితాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా కనిపించింది చేరినప్పటి దశలో: మూడో దశలో, అంటే గాఢమైన మత్తులోకి జారాక, వచ్చినవారిలోనే మరణాలు ఎక్కువ. నేను పైన చెప్పిన కొలమానానికి ఇంతకంటే దగ్గరి ఆధారం నాకు తెలియదు.

ప్రైవేటు ఆసుపత్రిలో ఎంఆర్‌ఐకి క్యూ తక్కువ, గది దొరుకుతుంది, తెలుగు మాట్లాడే వైద్యులు దొరికే అవకాశమూ ఉంది. నెలల పాటు సాగే చికిత్సకు సరిపడా డబ్బు ఉండి, పైన చెప్పిన మూడు సదుపాయాలూ ఉన్న ఆసుపత్రి దగ్గర్లో ఉంటే అక్కడ చేర్చడంలో తప్పు లేదు. అయితే మొదటి వారానికే చేతిలో ఉన్నదంతా ఖర్చయి, మూడో వారంలో బిడ్డను డిశ్చార్జి చేయించుకుని వెళ్లే పరిస్థితి వస్తుందనిపిస్తే, మొదటి రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లడం మేలు. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య బీమా కార్డు చెన్నైలో ఫలానా ఆసుపత్రిలో, ఫలానా జబ్బుకు చెల్లుతుందా లేదా అన్నది చేర్చే ముందే కౌంటర్‌లో అడిగి తెలుసుకోవాలి, బంధువుల మాట మీద ఆధారపడకూడదు. ఒక విషయం మాత్రం రెండు చోట్లా ఒకటే: 2012 నుంచి ఏ ఆసుపత్రి అయినా టీబీ రోగి వివరాలను ప్రభుత్వానికి తెలియజేయాలి, ప్రైవేటులో చూపించుకునే బిడ్డకు కూడా ప్రభుత్వ క్షయ కార్యక్రమం మందులు ఉచితంగా పొందే వీలుంది. అడిగితే ఏర్పాటు చేస్తారు.

వెన్నులోంచి నీరు తీయడం ముందా, స్కాన్ ముందా

కుటుంబాలు ఎక్కువగా వెనకాడేది ఇక్కడే. వెన్నులో సూది గుచ్చితే నడుము పడిపోతుందనీ, కాళ్లు చచ్చుబడతాయనీ ఊళ్లో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. సూది పెట్టేది అంతకంటే కింద, నీరు మాత్రమే ఉన్న సంచిలో నరాల పోగులు తేలుతూ ఉండే చోట. బిడ్డను పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టకు ఆనేలా నర్సు పట్టుకుంటుంది, నడుము దగ్గర చర్మాన్ని రెండు సార్లు మందుతో తుడుస్తారు, సన్నని సూది లోపలికి వెళ్లాక చుక్కలు చుక్కలుగా నీరు చిన్న సీసాల్లో పడుతుంది. బాక్టీరియా మెనింజైటిస్‌లో ఆ నీరు తరచూ మసకగా, చీము కలిసినట్టు ఉంటుంది. టీబీలో చాలాసార్లు తేటగా ఉంటుంది, చూసేవారికి ఏ జబ్బూ లేదనిపిస్తుంది. ఆ సీసాను కదపకుండా కొన్ని గంటలు ఉంచితే ఒక్కోసారి పైన సాలెగూడు లాంటి పల్చని పొర కడుతుంది. తీసిన నాలుగైదు మిల్లీలీటర్ల నీటిని శరీరం కొద్ది గంటల్లోనే మళ్లీ తయారుచేసుకుంటుంది.

స్పృహలో ఉండి, కాళ్లూ చేతులూ సమానంగా కదుపుతున్న బిడ్డకు స్కాన్ కోసం ఆగకుండా ముందే నీరు తీయవచ్చు. బిడ్డ గాఢమైన మత్తులో ఉన్నా, ఒక పక్క పక్షవాతం ఉన్నా, ఫిట్స్ ఆగకపోతున్నా ముందు స్కాన్ చేయాలి, ఎందుకంటే తల లోపల ఒత్తిడి విపరీతంగా ఉన్నప్పుడు నడుము దగ్గర నీరు తీయడం ప్రమాదం. వైద్యుడు "ఈ రోజు తీయలేము" అని చెబితే అది నిర్లక్ష్యం కాదు, అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "తీయలేకపోయినా మందులు ఇప్పుడే మొదలుపెడుతున్నారా?"

సీటీ, ఎంఆర్‌ఐల మధ్య ఎంపిక తేలికే. అత్యవసరంలో సీటీ గెలుస్తుంది: నిమిషాల్లో అయిపోతుంది, చాలాసార్లు మత్తు అవసరం ఉండదు, తలలో నీరు చేరిందా లేదా అన్న అన్నిటికంటే తొందరైన ప్రశ్నకు జవాబు ఇస్తుంది. రంగుమందు ఇచ్చి తీస్తే మెదడు అడుగుభాగంలో పొరలు మందమైన తీరు, టీబీ గడ్డలు కూడా తెలుస్తాయి. ఎంఆర్‌ఐలో రేడియేషన్ లేదు, మెదడు కాండం దగ్గర మార్పులు, రక్తం అందక దెబ్బతిన్న చిన్న భాగాలు ముందుగానే కనిపిస్తాయి. అయితే ఎక్కువసేపు కదలకుండా ఉండాలి కాబట్టి చిన్నపిల్లలకు మత్తు ఇవ్వాలి. నా సలహా, చేరిన రోజు సీటీ, బిడ్డ కాస్త నిలదొక్కుకున్నాక అవసరమైతే ఎంఆర్‌ఐ. ఎంఆర్‌ఐ తేదీ దొరకలేదని చికిత్సను ఆపుకోవడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ఏ పరీక్ష ఫలితాన్ని ఎంత నమ్మాలి

వెన్ను నీటి మీద చేసే పరీక్షల్లో కొన్ని గంటల్లో వస్తాయి, కొన్ని వారాలు తీసుకుంటాయి. మొదట వచ్చేవి కణాల లెక్క, ప్రొటీన్, గ్లూకోజ్. టీబీలో సాధారణంగా లింఫోసైట్లు అనే కణాలు ఎక్కువగా, ప్రొటీన్ బాగా ఎక్కువగా, గ్లూకోజ్ తక్కువగా ఉంటాయి. వైరస్ జబ్బులో కూడా లింఫోసైట్లే ఎక్కువగా ఉంటాయి, కానీ గ్లూకోజ్ పడిపోదు. బాక్టీరియా జబ్బులో న్యూట్రోఫిల్స్ విపరీతంగా పెరుగుతాయి. అయితే నీరు తీయకముందే బయట వారం రోజులు యాంటీబయాటిక్ ఇంజక్షన్లు పడి ఉంటే బాక్టీరియా మెనింజైటిస్ కూడా టీబీలా కనిపించవచ్చు. అందుకే అంతకుముందు వాడిన మందుల చీటీలన్నీ వెంట తీసుకెళ్లాలి. గ్లూకోజ్‌ను సరిగ్గా అంచనా వేయాలంటే అదే సమయంలో రక్తంలో చక్కెర ఎంత ఉందో కూడా చూడాలి, తొందరలో ఆ ఒక్కటి మరచిపోతుంటారు.

మన ఆసుపత్రుల్లో సీబీనాట్ అని పిలిచే పరీక్ష క్షయ క్రిమి జన్యు పదార్థాన్ని దాదాపు రెండు గంటల్లో పట్టుకుంటుంది, రిఫాంపిసిన్ మందుకు క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. దీన్ని వెన్ను నీటి మీద మొదటి పరీక్షగా వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించింది, తరువాత వచ్చిన అల్ట్రా రకం ఇంకా తక్కువ క్రిములను సైతం పట్టగలదు. క్రిమిని ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్షకు వారాలు పడుతుంది, కానీ ఏ మందుకు లొంగుతుంది, ఏ మందుకు లొంగదు అన్నది వివరంగా తెలిసేది దాంతోనే. నీటిని మైక్రోస్కోపు కింద చూసి క్రిమిని వెతికే పాత పద్ధతి పిల్లల్లో చాలా అరుదుగా ఫలిస్తుంది. ఆ నీటిలో ఒక ఎంజైమ్ ఎంత ఉందో కొలిచే ఏడీఏ పరీక్ష ప్రైవేటు ల్యాబుల్లో విరివిగా చేస్తారు. అది టీబీ అవకాశాన్ని పెంచే ఒక సూచన మాత్రమే, బాక్టీరియా జబ్బులోనూ పెరగవచ్చు కాబట్టి ఒక్క దాని మీద ఆధారపడి ఏదీ తేల్చకూడదు.

వీటిలో దేన్ని ఎంచుకోవాలి అంటే, సీబీనాట్, కల్చర్ రెండూ తప్పనిసరిగా పంపాలి, ఏడీఏకు డబ్బు లేకపోతే వదిలేయవచ్చు. నీరు ఎంత ఎక్కువ ఉంటే క్రిమి దొరికే అవకాశం అంత ఎక్కువ, కాబట్టి రెండు మూడు చుక్కలతో సరిపెట్టకుండా, బిడ్డ వయసును బట్టి వీలైనంత నీటిని టీబీ పరీక్షలకు కేటాయించమని అడగడం తల్లిదండ్రుల హక్కే. ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద చేసే మాంటూ పరీక్ష, పరగడుపున ముక్కు గొట్టం ద్వారా కడుపులోంచి తీసే ద్రవం పరీక్ష కూడా ఉపయోగపడతాయి. వెన్ను నీటిలో దొరకని క్రిమి ఒక్కోసారి కడుపులోంచి తీసిన ద్రవంలో దొరుకుతుంది. హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయాలంటారు, అది ప్రతి టీబీ రోగికీ చేసేదే, నొచ్చుకోనవసరం లేదు.

ఇన్ని పరీక్షలు చేసినా, ఏదీ "లేదు" అని తేల్చలేదన్నది ఈ విభాగంలో గుర్తుంచుకోవలసిన విషయం. సీబీనాట్ పాజిటివ్ వస్తే టీబీ ఉన్నట్టే అనుకోవచ్చు. నెగెటివ్ వస్తే లేనట్టు కాదు. మద్రాసు అధ్యయనంలోనే వెన్ను నీటి కల్చర్‌లో క్రిమి దొరికింది మూడింట ఒక వంతు మందిలోనే.

ఖాయమయ్యేదాకా ఆగాలా

ఆగకూడదు. లక్షణాల తీరు, వెన్ను నీటి లెక్కలు, స్కాన్, ఇంట్లో టీబీ రోగి ఉండటం, ఇవి కలిసి టీబీవైపు చూపిస్తుంటే, వైద్యుడు మందులు మొదలుపెడతానంటే ఒప్పుకోవాలి. "క్రిమి కనిపించలేదు కదా, ఏడాది పాటు అంత బలమైన మందులు ఎందుకు" అని అడిగే పెదనాన్నలు, మేనమామలు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు, వారి ఆందోళనలో అర్థముంది. కానీ రెండు పొరపాట్లను తూచి చూడాలి. టీబీ కాని బిడ్డకు మందులు మొదలుపెడితే, కొన్ని వారాల్లో మరో కారణం తేలాక ఆపేయవచ్చు, కాలేయ పరీక్షలతో ఆ మధ్యకాలాన్ని కాపాడుకోవచ్చు. టీబీ ఉన్న బిడ్డకు వారం ఆలస్యం చేస్తే మెదడు రక్తనాళాలు మూసుకుపోయి జరిగే నష్టాన్ని తరువాత ఏ మందూ సరిచేయలేదు. మొదటి రోజుల్లో బాక్టీరియా మెనింజైటిస్‌కు ఇచ్చే యాంటీబయాటిక్, హెర్పిస్ వైరస్‌కు ఇచ్చే మందు కూడా టీబీ మందులతో కలిపి ఇస్తే కంగారు పడనక్కరలేదు, ఒక్కో ఫలితం వచ్చేకొద్దీ అవసరం లేనివి తీసేస్తారు.

పన్నెండు నెలలా, ఆరు నెలలా

మన దేశ క్షయ కార్యక్రమంలో మెదడు టీబీ ఉన్న పిల్లలకు కనీసం పన్నెండు నెలల చికిత్స ఇస్తారు. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరాజినమైడ్, ఇథాంబుటాల్ నాలుగూ, తరువాత పైరాజినమైడ్ తీసేసి మిగతావి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో మరో దారిని కూడా ప్రత్యామ్నాయంగా అంగీకరించింది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఏళ్ల తరబడి వాడిన పద్ధతి అది: ఇథాంబుటాల్ బదులు ఇథియోనమైడ్, మందుల మోతాదులు ఎక్కువ, మొత్తం ఆరు నెలలు.

ఆరు నెలల పద్ధతి వెనక తర్కం గట్టిదే. ఇథాంబుటాల్ మెదడు నీటిలోకి సరిగా చేరదు, పైగా చూపు మీద దాని ప్రభావాన్ని మత్తులో ఉన్న రెండేళ్ల బిడ్డలో కనిపెట్టడం కష్టం. ఇథియోనమైడ్ బాగా చేరుతుంది. రిఫాంపిసిన్ కూడా తక్కువగానే చేరుతుంది కాబట్టి మోతాదు పెంచడంలో అర్థముంది. రెండు పద్ధతులనూ పోల్చి చూసినప్పుడు ఆరు నెలల చికిత్సలో మరణాలు తక్కువగానూ, బతికిన పిల్లల్లో నరాల లోపాలు మాత్రం ఎక్కువగానూ కనిపించాయి. అయితే అవి వేర్వేరు చోట్ల, వేర్వేరు పరిస్థితుల్లో చికిత్స పొందిన పిల్లల లెక్కలు, ఆధారాల బలం చాలా తక్కువని ఆ సంస్థే చెప్పింది. ఇథియోనమైడ్‌తో వాంతులు ఎక్కువ, థైరాయిడ్ మందగించవచ్చు. ఎక్కువ మోతాదులకు కాలేయం మీద గట్టి నిఘా కావాలి. మద్రాసు అధ్యయనంలో రోజూ రిఫాంపిసిన్‌తో పాటు కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల ఐసోనియాజిడ్ ఇచ్చినప్పుడు 39 శాతం మందికి కామెర్లు వచ్చాయి, 12 మిల్లీగ్రాములకు తగ్గించినప్పుడు 16 శాతానికి దిగింది. కేప్‌టౌన్ వైద్యులు వాడిన మోతాదులు మన పిల్లలకు అచ్చంగా అలాగే సరిపోతాయని ముందే అనుకోలేమనడానికి నాకు ఈ లెక్కే కారణం.

ఊరికి తిరిగి వెళ్లి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు తీసుకునే కుటుంబానికి పన్నెండు నెలల పద్ధతే సరైనదని నా అభిప్రాయం. ఆ మందులు సరఫరాలో ఉంటాయి, పిల్లల మాత్రలు నీళ్లలో కరిగే రూపంలో వస్తాయి, ఏ జిల్లా టీబీ కేంద్రానికైనా ఆ చికిత్స తెలుసు. ఆరు నెలల పద్ధతిని అనుభవం ఉన్న పెద్ద కేంద్రంలోనే, తరచూ రక్తపరీక్షలు చేయించుకోగలిగినవారికే, మందులకు లొంగే క్రిమి అని నమ్మకం ఉన్నప్పుడే ఆలోచించాలి. ఈమధ్య పిల్లల టీబీకి నాలుగు నెలల చికిత్స చాలంటూ వినిపించే మాట తీవ్రం కాని ఊపిరితిత్తుల టీబీకి, మెడ గడ్డల టీబీకి సంబంధించినది, మెనింజైటిస్‌కు అది ఏమాత్రం వర్తించదు.

స్టెరాయిడ్ల విషయంలో ఎంపిక అంటూ పెద్దగా లేదు. టీబీ మెనింజైటిస్‌లో మందులతో పాటు స్టెరాయిడ్ ఇస్తే మరణాలు తగ్గుతాయని పిల్లల మీదా పెద్దల మీదా జరిగిన అధ్యయనాలు చూపించాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల పాటు క్రమంగా తగ్గిస్తూ ఇస్తారు. ముఖం ఉబ్బిందనో, ఆకలి విపరీతంగా ఉందనో ఇంట్లో ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం.

తలలో నీరు చేరితే

టీబీ మెనింజైటిస్ వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి తలలో నీరు చేరుతుంది. నీటి దారి పూర్తిగా మూసుకుపోకుండా, ఇంకే శక్తి మాత్రమే తగ్గిన రకంలో అసిటజోలమైడ్, ఫ్యూరోసిమైడ్ మందులతో కొన్ని వారాలు చూడవచ్చు. దారి మూసుకుపోయిన రకంలో మందులతో కాలక్షేపం చేయకూడదు, ఆపరేషన్ కావాలి. ఇందులో రెండు రకాలున్నాయి. షంట్ అంటే తలలోని నీటిని చర్మం కింద నుంచి పొట్టలోకి పంపే సన్నని గొట్టం. చేయడం తేలిక, అన్ని న్యూరోసర్జరీ విభాగాల్లోనూ చేస్తారు, కానీ గొట్టం మూసుకుపోవచ్చు, చీము పట్టవచ్చు, బిడ్డ ఎదిగేకొద్దీ మార్చవలసి రావచ్చు. ఈటీవీ అంటే దుర్భిణితో మెదడు లోపలే నీటికి కొత్త దారి తెరవడం. గొట్టం ఉండదు కాబట్టి ఆ ఇబ్బందులు ఉండవు, కానీ జబ్బు తీవ్రంగా ఉన్న తొలి వారాల్లో మెదడు అడుగున పేరుకున్న పదార్థం వల్ల దారి సరిగా కనిపించదు, విఫలమయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి తొలి వారాల్లో అత్యవసరమైతే షంట్, నెలలు గడిచాక నీరు చేరితే ఈటీవీ గురించి అడగడం అన్నది సబబైన క్రమం.

ఎవరికి ఎప్పుడు ఆపరేషన్ అన్నదానికి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1991లో ప్రకటించిన నాలుగు మెట్ల కొలతను దేశమంతటా వాడుతున్నారు. స్పృహ బాగున్న పిల్లలకు తొందరగా షంట్ చేయాలనీ, పూర్తిగా కోమాలో ఉన్న నాలుగో మెట్టు పిల్లలకు ముందు తాత్కాలికంగా నీటిని బయటికి తీసి, మెరుగుదల కనిపిస్తేనే షంట్ వేయాలనీ దాని సారాంశం. "మా బిడ్డ వేలూరు గ్రేడ్ ఎంత?" అన్నది తల్లిదండ్రులు సర్జన్‌ను నిస్సంకోచంగా అడగవలసిన ప్రశ్న, ఆ జవాబును బట్టే ఆపరేషన్‌తో ఎంత ఆశించవచ్చో తెలుస్తుంది. షంట్ ఉన్న బిడ్డకు ఇంటికి వెళ్లాక మళ్లీ వాంతులు, మత్తు, కళ్లు కిందికి వాలిపోవడం, జ్వరం కనిపిస్తే ఊళ్లో సెలైన్ ఎక్కించుకుంటూ కూర్చోకుండా, న్యూరోసర్జన్ ఉన్న చోటికి అదే రోజు చేర్చాలి.

చికిత్స మధ్యలో, మందులు సక్రమంగా పడుతున్నా, కొంతమంది పిల్లలకు కొత్తగా ఫిట్స్ రావడం, స్కాన్‌లో గడ్డలు పెద్దవి కావడం జరుగుతుంది. చాలాసార్లు ఇది మందులు పనిచేయకపోవడం కాదు, చనిపోతున్న క్రిముల మీద శరీరం చూపే ప్రతిచర్య. ఇలాంటప్పుడు ఆసుపత్రి మార్చి మందులన్నీ మార్పించుకోవడం కంటే, మొదట చూసిన వైద్యుల దగ్గరికే పాత స్కాన్లతో వెళ్లడం మంచిది. ఫిట్స్ మందులకూ టీబీ మందులకూ పొత్తు కుదరదు, ఒకటి రెండోదాని బలాన్ని మార్చేస్తుంది, కాబట్టి ఫిట్స్ మందు మోతాదును ఊళ్లో మార్పించకూడదు.

ఊరికి వెళ్లాక, ఇంట్లో మిగతా పిల్లలకు

డిశ్చార్జి రోజు తమిళనాడులో ఉన్న బిడ్డ రికార్డు నిక్షయ్ అనే ప్రభుత్వ వ్యవస్థలో ఒక సంఖ్యతో ఉంటుంది. ఆ సంఖ్యతోనే నెల్లూరులోగానీ తిరుపతిలోగానీ మందులు కొనసాగించవచ్చు, కొత్తగా మొదటి నుంచి మొదలుపెట్టనవసరం లేదు. దాన్ని రాయించుకుని, ట్రాన్స్‌ఫర్ చేయించుకుని, అక్కడ మందులు అందేవరకు సరిపడా మాత్రలు చేతిలో పెట్టుకుని రైలెక్కాలి. చికిత్స సాగినన్నాళ్లు పోషకాహారం కోసం బ్యాంకు ఖాతాలో పడే సహాయం 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలకు పెరిగింది. బిడ్డ పేరున ఖాతా లేకపోతే తల్లిదండ్రుల ఖాతా ఇచ్చే విషయం టీబీ కార్యకర్తను అడగాలి. మూత్రం నారింజ రంగులో రావడం రిఫాంపిసిన్ వల్ల, దానికి కంగారు పడనక్కరలేదు. కళ్లు పచ్చబడటం, ఆపకుండా వాంతులు కావడం, తిండి పూర్తిగా మానేయడం కనిపిస్తే మాత్రం మందులు ఆ పూట ఆపి వెంటనే వైద్యుడికి చూపించాలి. వినికిడి, చూపు, మాట, నడక పరీక్షలు, ఫిజియోథెరపీ చికిత్స పూర్తయ్యేదాకా కాదు, బడిలో చేరేదాకా కొనసాగించాలి.

ఇంత చిన్న బిడ్డకు టీబీ వచ్చిందంటే ఎవరో పెద్దవారి నుంచే వచ్చి ఉంటుంది. దగ్గుతున్న తాతయ్య, బిడ్డను ఎత్తుకునే పనిమనిషి, పక్కింటి మామయ్య, అందరికీ కఫం పరీక్ష, ఎక్స్‌రే చేయించాలి. టీబీ జబ్బు లేదని తేలిన తోబుట్టువులకు, ముఖ్యంగా అయిదేళ్లలోపు వారికి, నివారణ మందు ఇవ్వాలి. రోజూ ఆరు నెలలు ఇచ్చే ఐసోనియాజిడ్ అందరికీ తెలిసిన దారి. రెండేళ్లు దాటిన పిల్లలకు వారానికి ఒకసారి చొప్పున మూడు నెలలు ఇచ్చే రెండు మందుల పద్ధతి కూడా ఇప్పుడు ఉంది. ఆరు నెలలు రోజూ మాత్ర వేయించడం కష్టమయ్యే ఇంట్లో, తోబుట్టువు వయసు సరిపోతే, ఈ రెండోదే దొరుకుతుందేమో టీబీ కేంద్రంలో మొదట అడగాలి.